సూటు తొడిగిన దరువు

2020 ఏప్రిల్ 18. కోవిడ్ భయానికి లోకమంతా తలుపులు బిగించుకుని కూర్చున్న రోజులు. పేరున్న గాయకులు ఎందరో ఎవరిళ్ళలో వాళ్ళుండి పాడిన పెద్ద ప్రసారం ఒకటి ఆ రోజు వచ్చింది. రోలింగ్ స్టోన్స్ వంతు రాగానే తెర నాలుగు గళ్ళయింది. మూడు గళ్ళలో మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్, రోనీ వుడ్ గిటార్లు పట్టుకుని కనిపించారు. నాలుగో గడిలో డెబ్భై ఎనిమిదేళ్ళ చార్లీ వాట్స్ ఉన్నాడు. చేతుల్లో కర్రలున్నాయి గానీ ముందు డ్రమ్ములు లేవు. వాద్యాలు సర్దుకునే పెట్టెలున్నాయి, పక్కన సోఫా చెయ్యి ఉంది. వాటి మీదే హాయిగా దరువేసుకుంటూ పోయాడు.

ఆ రోజు వాళ్ళు పాడింది 'యూ కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్'. 1969 నాటి పాట. తమాషా ఏమిటంటే, రికార్డులో ఆ పాటకు వినిపించే డ్రమ్ములు చార్లీవి కావు. నిర్మాత జిమ్మీ మిల్లర్‌కి కావలసిన దరువు చార్లీ చేతికి పట్టుబడలేదు. ఇలా అని చూపించడానికి కూర్చున్న మిల్లర్ చివరికి తానే వాయించేశాడు. ప్రపంచమంతా పేరు మోగిపోతున్న బృందంలో డ్రమ్మర్‌కి ఇది తలకొట్టేసినట్టుండాలి. కానీ ఆ నిర్మాత వల్లే స్టూడియోలో తన వాయింపు గురించి మళ్ళీ మొదటినుంచి ఆలోచించుకున్నానని, అంతకుముందుకంటే మంచి డ్రమ్మర్‌నయ్యానని చార్లీయే తర్వాత చెప్పుకున్నాడు. ఆ పాటను యాభై ఏళ్ళు వేదికల మీద వాయించాడు. ఆఖరికి సోఫా మీద కూడా.

ఎర్రటి పెదాలు, బయటికి చాచిన నాలుక ఉన్న టీషర్టులు మన కోఠీలోనూ బెజవాడ బీసెంట్ రోడ్డులోనూ కుర్రాళ్ళ ఒంటిమీద కనిపిస్తూనే ఉంటాయి. ఆ నాలుక ఏ బృందానిదో తెలియకుండా తొడుక్కునేవాళ్ళే ఎక్కువ. అది రోలింగ్ స్టోన్స్ గుర్తు. ఆ గుర్తు వెనకున్న అల్లరి, తాగుడు, మత్తుమందు కేసులు, ఆడపిల్లల కేకలు, వీటన్నిటికీ సరిగ్గా మధ్యలో, వేదికకు వెనకవైపు, నున్నగా దువ్విన తలతో ఓ మనిషి యాభై ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు. ఆయనకు రాక్ సంగీతమంటే ప్రాణమేమీ కాదు. ఆయన ప్రాణం జాజ్‌లో ఉంది. రాక్ ఆయన ఉద్యోగం.

ఇష్టమైనచోట మనిషి ఎదుగుతాడని, జీతానికి చేసేచోట గడిపేస్తాడని అనుకుంటాం. చార్లీ వాట్స్ లెక్క తిరగబడింది.

మెడ విరిచిన బాంజో

చార్లీ 1941 జూన్ 2న లండన్‌లో పుట్టాడు. యుద్ధకాలం. తండ్రి రైల్వే కంపెనీలో లారీ డ్రైవరు. జర్మన్ బాంబులకు వీధులకు వీధులే కూలిపోయిన లండన్‌లో, ఇళ్ళు పోయినవాళ్ళ కోసం ప్రభుత్వం ఫ్యాక్టరీలో తయారుచేసిన గోడలు తెచ్చి బిగించి వరసగా చిన్న చిన్న ఇళ్ళు లేపింది. ప్రీఫ్యాబ్‌లనేవారు వాటిని. వెంబ్లీలో అలాంటి ఇంట్లో వాట్స్ కుటుంబం ఉండేది. పక్కింటి పిల్లాడు డేవ్ గ్రీన్. ఇద్దరూ కలిసి జాజ్ దిగ్గజాలు జెల్లీ రోల్ మోర్టన్, చార్లీ పార్కర్ల రికార్డులు అరిగిపోయేలా వినేవారు. ఆ గ్రీన్ తర్వాత ఇంగ్లండ్ జాజ్‌లో పేరున్న బేస్ వాద్యకారుడయ్యాడు. ఈ స్నేహం సంగతి మళ్ళీ వస్తుంది.

పద్నాలుగేళ్ళ వయసులో చార్లీ ఓ బాంజో కొనుక్కున్నాడు. దాని మెడ మీది చుక్కల మధ్య వేళ్ళు ఎక్కడ పెట్టాలో అర్థం కాలేదు. విసుగొచ్చి మెడ ఊడదీసేశాడు. మిగిలిన గుండ్రటి డొక్కను స్టాండు మీద పెట్టి బ్రష్షులతో వాయించడం మొదలుపెట్టాడు. ఇది ఊరికే పుట్టిన పిచ్చి కాదు. గెరీ మల్లిగన్ బృందం రికార్డు 'వాకిన్ షూస్'లో చికో హామిల్టన్ అనే అమెరికన్ డ్రమ్మర్ బ్రష్షులతో చేసిన మెత్తటి సవ్వడి అప్పటికే చెవిలో పడి ఉంది. పిల్లాడి తంటాలు చూసి 1955 ప్రాంతంలో తల్లిదండ్రులు అసలైన డ్రమ్ సెట్ కొనిపెట్టారు. గురువు దగ్గర నేర్చుకున్నది లేదు. గురువుల్లా పెట్టుకున్నది రికార్డులను. క్లబ్బులకు వెళ్ళి డ్రమ్మర్ల చేతులు చూసేవాడు, ఇంటికొచ్చి చేసేవాడు.

బడిలో చదువుకంటే బొమ్మలు, ఫుట్‌బాల్, క్రికెట్ బాగా వచ్చేవి. క్రికెట్ పిచ్చి చివరిదాకా వదల్లేదు. హారో ఆర్ట్ స్కూల్లో 1960 దాకా చదివి ప్రకటనల సంస్థలో గ్రాఫిక్ డిజైనరుగా చేరాడు. అప్పుడే చార్లీ పార్కర్ జీవితాన్ని ఓ పక్షి కథగా మార్చి, చిన్నపిల్లల పుస్తకంలా బొమ్మలు గీశాడు. పార్కర్ ముద్దుపేరు 'బర్డ్' కదా. స్టోన్స్‌కి పేరొచ్చాక దాన్ని 'ఓడ్ టు ఎ హై ఫ్లయింగ్ బర్డ్' అని అచ్చు వేశారు. పేరు రాకపోతే డ్రాయరులోనే ఉండిపోయేది. ఆ చిట్టి పుస్తకం చూసినవాళ్ళకు మాత్రం ఈ కుర్రాడి గుండె ఎటువైపుందో వెంటనే తెలిసిపోతుంది.

జీతమిచ్చి తెచ్చుకున్న మనిషి

1962లో లండన్ శివారు ఈలింగ్‌లో ఓ నేలమాళిగ క్లబ్బు తెరిచారు. అలెక్సిస్ కోర్నర్ అనే పెద్దాయన అక్కడ 'బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్' పేరుతో అమెరికా నల్లజాతి వాళ్ళ బ్లూస్ వాయించేవాడు. డిజైన్ పని మీద డెన్మార్క్ వెళ్ళి వచ్చిన చార్లీని డ్రమ్ముల ముందు కూర్చోబెట్టాడు. రిథమ్ అండ్ బ్లూస్ అంటే ఏమిటో చార్లీకి తెలియదు. పార్కర్ జాజ్‌నే నిదానంగా వాయించడమేమో అనుకున్నాడట. కొన్నాళ్ళకు ఆ కుర్చీ జింజర్ బేకర్‌కి వదిలిపెట్టాడు. బేకర్ అంటే తర్వాతి కాలంలో 'క్రీమ్' బృందంతో రాక్ డ్రమ్ముల రూపే మార్చేసినవాడు. అలాంటివాడు బయట ఎదురుచూస్తుంటే నేను లోపల కూర్చోవడమేమిటన్నది చార్లీ తీరు.

ఆ క్లబ్బులోనే మరో మూలన బ్రయాన్ జోన్స్, మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్, పియానో వాయించే ఇయాన్ స్టీవార్ట్ తమ బృందాన్ని నిలబెట్టుకోవడానికి తంటాలు పడుతున్నారు. వాళ్ళకు చార్లీయే కావాలి. చార్లీకి ఉద్యోగముంది, వారం వారం వచ్చే జీతముంది. బృందంలోకి రావాలంటే ఎంతో కొంత నికరంగా చేతికి రావాలన్నాడు. వీళ్ళ దగ్గర తిండికే లేదు. చార్లీకి ఇచ్చుకోవడానికి కడుపు మాడ్చుకున్నామని, దుకాణాల్లో దొంగతనాలు కూడా చేశామని కీత్ తన ఆత్మకథలో నవ్వుతూ రాసుకున్నాడు. 1963 జనవరిలో చార్లీ చేరాడు. ఏడాదో రెండేళ్ళో నడుస్తుందిలే అన్న లెక్కతోనే చేరాడు.

చేరాక పాఠం మొదలైంది. బ్రయాన్, కీత్ ఇద్దరూ బ్లూస్ గాయకుడు జిమ్మీ రీడ్ రికార్డులు పెట్టి చార్లీని కూర్చోబెట్టి వినిపించారు. రీడ్ పాటల్లో డ్రమ్ములు వాయించిన ఎర్ల్ ఫిలిప్స్ చేసేదేమీ లేనట్టే ఉంటుంది. నడక ఒకటే, ఆర్భాటం సున్నా. కానీ ఆ నడక ఆగదు, తూలదు, తొందరపడదు. జాజ్‌లో మెరుపులు మెరిపించే మాక్స్ రోచ్‌ని దేవుడనుకుంటున్న కుర్రాడికి ఆ ఏమీ లేనితనంలో ఏదో ఉందని అర్థమైంది. రోలింగ్ స్టోన్స్ పుట్టుక 1962లో అని అందరూ రాస్తారు. నన్నడిగితే చార్లీ ఎర్ల్ ఫిలిప్స్‌ని విన్న రోజని అంటాను.

కొట్టకుండా వదిలిన దెబ్బ

ఇక్కడ కాస్త ఆగి డ్రమ్ సెట్ సంగతి మాట్లాడుకోవాలి. రాక్ పాటలో సాధారణంగా నాలుగు లెక్కల ఆవర్తం. కుడికాలి కింద బేస్ డ్రమ్. ఎడమచేతి దగ్గర స్నేర్. ఎడమకాలితో తెరిచి మూసే జంట తాళాలు హై-హ్యాట్. రెండో లెక్క మీద, నాలుగో లెక్క మీద స్నేర్ మీద గట్టి దెబ్బ పడుతుంది. దాన్నే బ్యాక్‌బీట్ అంటారు. కుడిచేయి ఈలోగా హై-హ్యాట్ మీద ఎడతెగకుండా 'చిక్ చిక్' అంటూ ఉంటుంది. నూటికి తొంభైమంది డ్రమ్మర్లు ఇలాగే వాయిస్తారు.

చార్లీ స్నేర్ మీద కొట్టే క్షణంలో కుడిచేతిని హై-హ్యాట్ మీంచి తీసేస్తాడు. ఆ ఒక్క 'చిక్' ఉండదు. వీడియోల్లో చూస్తే కుడిచేయి చిన్నగా గాల్లోకి లేచి మళ్ళీ దిగుతుంది, ఎవరికో మొహమాటంగా దారిచ్చినట్టు. ఆ ఖాళీ వల్ల స్నేర్ దెబ్బ ఒంటరిగా, నిండుగా మోగుతుంది. పాటకు ఊపిరాడుతుంది. విన్నవాళ్ళకు కారణం తెలియదు గానీ ఒళ్ళు కాస్త వెనక్కి వాలి ఊగుతుంది. తర్వాతి తరం డ్రమ్మర్లు దీన్ని గదుల్లో కూర్చుని సాధన చేశారు. చెయ్యి ఎత్తడం వస్తుంది. ఆ ఊపు రాదు.

రెండో సంగతి, ఎవరిని ఎవరు అనుసరిస్తారన్నది. మామూలు బృందాల్లో డ్రమ్మర్ లెక్క పెడితే మిగతావాళ్ళు ఎక్కుతారు. స్టోన్స్‌లో అది తలకిందులు. కీత్ గిటారు మొదలుపెడతాడు, చార్లీ కీత్‌ను వింటూ వెంట వస్తాడు. దాంతో డ్రమ్ములు గిటారుకు వెంట్రుకవాసి వెనక ఉంటాయి. బేస్ వాయించే బిల్ వైమన్ అదే వెంట్రుకవాసి ముందుంటాడు. తమ శబ్దం రహస్యం ఈ సందులోనే ఉందని, ఎప్పుడు విడిపోతుందో అన్నట్టుండే ఆ వదులుతనమే తమదని వైమన్ వివరించాడు. మన కచేరీల్లో మంచి మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనం కోసం గడియారం చూడడు, పాడేవాళ్ళ నోటి వెంట చెవిపెట్టి కూర్చుంటాడు. చార్లీది ఆ కోవ. పైగా డ్రమ్ సోలో అంటే ఆయనకు ఒళ్ళుమంట.

అది డ్రమ్మర్లు గుర్రమెక్కి ఊరేగుతున్న కాలమని గుర్తుంచుకోవాలి. 'ది హూ'లో కీత్ మూన్ డ్రమ్ములు పేల్చేస్తున్నాడు. 'లెడ్ జెప్లిన్'లో జాన్ బోనమ్ అరగంట సోలోలు చేస్తున్నాడు. సెట్లు పెరిగి పెరిగి వెనక మనిషి కనబడనంత అయ్యాయి. చార్లీ మాత్రం 1957 నాటి గ్రెచ్ సెట్‌తో, జాజ్ క్లబ్బులో సరిపోయే నాలుగు డ్రమ్ములతో, లక్షమంది ముందు కూర్చునేవాడు. కర్ర పట్టుకోవడం కూడా జాజ్ వాళ్ళ పాత పద్ధతే. ఎడమ అరచేయి పైకి తిప్పి, వేళ్ళ సందున కర్ర ఆనించి.

'శాటిస్‌ఫాక్షన్' (1965) వినండి. అందులో రెండు, నాలుగు అన్న తేడా కూడా లేదు. నాలుగు లెక్కల మీదా స్నేర్ దెబ్బే. మొద్దుగా, మొండిగా. అంతకంటే తెలివైన పని ఏం చేసినా ఆ పాట పాడైపోయేది. 'స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్' (1968) కథ ఇంకా బాగుంటుంది. కీత్ దగ్గర ఫిలిప్స్ క్యాసెట్ రికార్డరు, ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన చిన్నది. చార్లీ దగ్గర పాత సామాన్ల దుకాణంలో దొరికిన 1930ల నాటి సాధన సెట్, సూట్‌కేసులో పట్టేంత. ఇద్దరూ నేల మీద కూర్చుని ఆ బొమ్మలాంటి డ్రమ్ములు, మామూలు చెక్క గిటారు ఆ క్యాసెట్‌లోకి ఎక్కించారు. చిన్న యంత్రం ఆ చప్పుడు తట్టుకోలేక బొంగురుపోయింది. ఆ బొంగురునే పెద్ద టేపు మీదికి తెచ్చి పాట కట్టారు. వీధి పోరాటం లాంటి ఆ గర్జన వెనక ఉన్నది అరచేతి వెడల్పు తోలు.

'హాంకీ టాంక్ విమెన్' (1969) మొదట్లో మోగే కౌబెల్ అనే గంట నిర్మాత జిమ్మీ మిల్లర్‌ది. దాని మీదికి చార్లీ కాస్త అడ్డంగా దిగుతాడు. మూడు నిమిషాల్లో పాట వేగం పెరిగిపోతుంది. చెవిపెట్టి వింటే ఎవరికైనా తెలుస్తుంది. ఇవాళయితే కంప్యూటర్లో గీత గీసినట్టు సరిచేసి, శవానికి ఇస్త్రీ చేసినట్టు చేసేవారు. 'స్టార్ట్ మి అప్' (1981) మొదట్లో అయితే చార్లీ ఏ లెక్క మీద ఎక్కాడో తేల్చుకోలేక విన్నవాళ్ళు తడబడతారు. ఒక్క క్షణం అంతా తిరగబడినట్టుండి, మరుక్షణం సర్దుకుంటుంది. మొదట రెగే వరసలో ఎన్నోసార్లు వాయించి పక్కన పడేసిన పాట అది. మధ్యలో రాక్ వరసలో ఒకటి రెండుసార్లు వాయించిన టేపును ఇంజనీరు క్రిస్ కిమ్సీ వెతికి బయటికి తీశాడు. క్రికెట్ మైదానాల నుంచి కంప్యూటర్ ప్రకటనల దాకా అది మోగనిచోటు లేదు.

మంచం బొమ్మలు

ఇంతా చేసి ఆ జీవితం ఆయనకు నచ్చలేదు. ఊరూరా తిరగడం నచ్చలేదు. పిల్లలు కేకలు వేస్తూ వెంటపడటం ఏమాత్రం నచ్చలేదు. ప్రతి పర్యటన చివరా ఇక మానేస్తాననేవాడు. ఇరవై అయిదేళ్ళ అనుభవం ఎలా ఉందని అడిగితే, అందులో అయిదేళ్ళే వాయించడం, మిగతా ఇరవై ఊరికే కూర్చుని ఎదురుచూడటం అని లెక్కకట్టాడు. ఆ ఎదురుచూపుల్లో ఓ అలవాటు చేసుకున్నాడు. 1967 నుంచి పర్యటనల్లో పడుకున్న ప్రతి హోటల్ మంచం బొమ్మా పుస్తకంలో గీసుకునేవాడు. మిగతావాళ్ళు ఆ మంచాల మీద ఏం చేశారో పత్రికలన్నీ రాశాయి. చార్లీ మంచాన్ని మంచంలా చూసి గీశాడు.

1964 అక్టోబరులో షర్లీ షెపర్డ్‌ని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయిందంటే అభిమానులు తగ్గిపోతారని భయపడే కాలం కనుక మొదట గుట్టుగానే చేసుకున్నారు. ఆ కాపురం యాభై ఆరేళ్ళు నిలిచింది. రాక్ చరిత్రలో ఇదో వింత. 1972లో అమెరికా పర్యటనలో బృందమంతా ప్లేబాయ్ పత్రిక యజమాని హ్యూ హెఫ్నర్ భవంతిలో దిగితే, చార్లీ అక్కడి ఆటలగదిలో కాలక్షేపం చేశాడని చెబుతారు. డెవన్ పల్లెల్లో భార్యతో కలిసి అరబ్బీ గుర్రాలు పెంచాడు. పాత కార్లు కొన్నాడు గానీ ఆయనకు డ్రైవింగ్ రాదు. ఊరికే లోపల కూర్చుని ఇంజను చప్పుడు వినేవాడు. లండన్‌లోని సావిల్ రో దర్జీల దగ్గర సూట్లు కుట్టించుకునేవాడు. వేదిక మీద టీషర్టుతో చెమటోడ్చినా, దిగగానే గుండీలు పెట్టుకున్న పెద్దమనిషి. 2006లో 'వానిటీ ఫెయిర్' పత్రిక చక్కగా దుస్తులు ధరించేవారి శాశ్వత జాబితాలో ఆయన పేరు చేర్చింది.

గీసే చెయ్యి కూడా బృందానికి బాగా పనికొచ్చింది. 1967 నాటి 'బిట్వీన్ ద బటన్స్' వెనక అట్ట మీది వ్యంగ్యచిత్రాలు ఆయనవే. వేదికలు ఊళ్ళంత పెద్దవయ్యాక వాటి రూపకల్పనలో జాగర్ పక్కన కూర్చునేవాడు. 1975 మే 1న న్యూయార్క్‌లో పర్యటన ప్రకటించడానికి విలేకరులను హోటలుకు పిలిచి, వాళ్ళు లోపల కూర్చుని ఉండగా బృందమంతా లారీ ఎక్కి వాయించుకుంటూ ఫిఫ్త్ ఎవెన్యూ మీదుగా వచ్చింది. ఆలోచన చార్లీది. ఒకప్పుడు నల్లజాతి జాజ్ బృందాలు బండ్ల మీద వాయిస్తూ కచేరీ చాటింపు వేసుకునేవని ఆయనకు తెలుసు.

2003 ఏప్రిల్‌లో స్టోన్స్ మనదేశం వచ్చారు. 4న బెంగళూరు ప్యాలెస్ మైదానంలో, 7న ముంబయి బ్రబోర్న్ స్టేడియంలో. బెంగళూరులో వాన పడింది. ఏళ్ళ తరబడి క్యాసెట్లు అరువు తెచ్చుకుని విన్నవాళ్ళకు అది పండగ. అరవై దాటిన చార్లీ ఆ రెండు రాత్రులూ తన పని తాను చేసి వెళ్ళిపోయాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓ తెల్లవారుజాము

పెద్దమనిషి అంటే అన్నీ భరించేవాడని కాదు. 1984లో ఆమ్‌స్టర్‌డామ్ హోటల్లో, తెల్లవారుజామున, తాగి ఉన్న జాగర్ చార్లీ గదికి ఫోను చేసి 'నా డ్రమ్మర్ ఎక్కడ' అని అడిగాడట. కాసేపటికి తలుపు చప్పుడైంది. చార్లీ గడ్డం గీసుకుని, సూటు తొడిగి, టై కట్టుకుని, బూట్లు మెరిపించుకుని వచ్చాడు. జాగర్ దగ్గరికి నడిచి వెళ్ళి ఒక్క గుద్దు గుద్దాడు. నేను నీ డ్రమ్మర్‌ను కాదు, నువ్వే నా గాయకుడివి అన్న అర్థం వచ్చేలా ఓ మాట అని వెళ్ళిపోయాడు. ఈ కథ ప్రపంచానికి చెప్పింది కీత్. కీత్ చెప్పే కథల్లో ఉప్పుకారాలు ఎప్పుడూ ఒక చెంచా ఎక్కువే ఉంటాయి. ఆ రోజుల్లో తానూ తాగి ఉండేవాణ్ణని, అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని చార్లీ అనేవాడు. అభిమానులు గుద్దును గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ గడ్డం గీసుకోవడమే వింతగా ఉంటుంది. కోపాన్ని కూడా లెక్క తప్పకుండా మోసుకొచ్చిన మనిషి.

1980ల నడిమి రోజులు ఆయనకు చెడ్డకాలం. మిగతావాళ్ళు మానేస్తున్న వయసులో, నలభై దాటాక, ఈయన మద్యంలో, హెరాయిన్‌లో పడ్డాడు. జాగర్, కీత్ మాట్లాడుకోవడం లేదు. 1985 డిసెంబరులో ఇయాన్ స్టీవార్ట్ పోయాడు. స్టీవార్ట్ చూడటానికి రాక్ స్టార్‌లా లేడని మొదట్లోనే మేనేజర్ ఫొటోల్లోంచి తప్పించినా, చివరిదాకా వ్యాను తోలుతూ, పియానో వాయిస్తూ వెంట ఉన్నవాడు. తర్వాత ఓ రోజు ఇంట్లో నేలమాళిగ మెట్లు దిగి వైన్ సీసా తేబోతూ చార్లీ జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. దగ్గర్లో జాజ్ కచేరీ ఉంది. అక్కడితో ఆపేశాడు. చికిత్సాలయాల కథలు, పశ్చాత్తాప ఇంటర్వ్యూలు ఏమీ లేవు.

మనసు పడిన ఇల్లు

జాజ్‌కి మొదట డబ్బు ఖర్చుపెట్టడం ద్వారా తిరిగొచ్చాడు. 1985లో ముప్పైమందికి పైగా వాద్యకారులతో ఆర్కెస్ట్రా కట్టి, లండన్‌లో జాజ్‌కి గుడిలాంటి రోనీ స్కాట్స్ క్లబ్బులో వాయించాడు. అంతమందిని విమానాలెక్కించి తిప్పితే మిగిలేదేమీ ఉండదు. ఆయనకు ఆ లెక్క అక్కర్లేదు. తర్వాత అయిదుగురి బృందం. కుర్రతనంలో గీసిన పార్కర్ పుస్తకానికి సంగీతం కట్టినట్టు 1991లో 'ఫ్రమ్ వన్ చార్లీ' వచ్చింది. 2000లో డ్రమ్మర్ జిమ్ కెల్ట్‌నర్‌తో చేసిన ఆల్బమ్‌లో పాటల పేర్లన్నీ ఆయన దేవుళ్ళ పేర్లు: ఆర్ట్ బ్లేకీ, ఎల్విన్ జోన్స్, మాక్స్ రోచ్, రాయ్ హేన్స్. 2009లో ఇద్దరు పియానో వాద్యకారులతో బూగీ-వూగీ బృందం మొదలైంది. బేస్ మీద ఎవరు? వెంబ్లీ పక్కింటి డేవ్ గ్రీన్.

ఆ రికార్డులు నేను ఇష్టంగానే వింటాను. సభ్యత ఉంది, ఆత్మీయత ఉంది, బ్రష్షుల పని కమ్మగా ఉంటుంది. కానీ ఉన్నమాట చెప్పాలి. వాటిలో చార్లీ మంచి జాజ్ డ్రమ్మర్, అంతే. ఆయనకంటే చురుకైన చేతులున్న జాజ్ డ్రమ్మర్లు లండన్‌లోనే ఉన్నారు. ఆ సంగతి ఆయనకు అందరికంటే బాగా తెలుసు. జాజ్‌లో ఆయన భక్తుడు. భక్తుడికి భయముంటుంది. రాక్‌లో ఆయనకు భక్తి లేదు కనుక భయమూ లేదు. జాజ్‌లో నేర్చుకున్న వినికిడి, సందు చూసుకుని చోటు వదలడం, బరువు దింపుకుని వాయించడం, ఇవన్నీ తాను పెద్దగా లెక్కచేయని చోట ధారాళంగా ఖర్చుపెట్టాడు. అక్కడ ఆయనతో సరితూగేవాడు లేడు. జాగర్ గొంతూ కీత్ గిటారూ వేరే డ్రమ్మర్ చేతిలో పడితే పాటలు ఉండేవి, ఆ నడక ఉండేది కాదు. 1993లో బిల్ వైమన్ వెళ్ళిపోయాక కొత్త బేస్ వాద్యకారుణ్ణి ఎంచే పని జాగర్, కీత్ చార్లీకే అప్పగించారు. ఆయన ఎంచుకున్న డ్యారిల్ జోన్స్ అంతకుముందు మైల్స్ డేవిస్ దగ్గర వాయించినవాడు. రాక్ బృందంలోకి జాజ్‌ను దొడ్డిదారిన మరోసారి తెచ్చుకున్నాడన్నమాట.

2004లో గొంతు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ చికిత్స తీసుకుని మరుసటి ఏడాదికల్లా మళ్ళీ డ్రమ్ముల ముందున్నాడు. 2006 ఫిబ్రవరిలో రియో డి జనీరో సముద్రతీరాన పదిలక్షలమందికి పైగా వచ్చారన్న ఉచిత కచేరీ, 2016 మార్చిలో క్యూబా రాజధాని హవానాలో మరో ఉచిత కచేరీ. అదే ఏడాది డిసెంబరులో పాత బ్లూస్ పాటల ఆల్బమ్ 'బ్లూ అండ్ లోన్‌సమ్' వచ్చింది. మూడు రోజుల్లో రికార్డు చేశారు. ఎర్ల్ ఫిలిప్స్ దగ్గర నేర్చుకున్న పాఠం యాభైమూడేళ్ళ తర్వాత అప్పజెప్పినట్టుంటుంది చార్లీ వాయింపు.

2019 ఆగస్టు 30న ఫ్లోరిడాలో మయామీ గార్డెన్స్ స్టేడియంలో వాయించాడు. తుపాను వస్తోందని కచేరీని ఒకరోజు ముందుకు జరిపారు. అదే ఆయన ఆఖరి స్టోన్స్ కచేరీ అయింది. 2021 ఆగస్టు మొదట్లో ఆరోగ్యం బాగోలేదని, అమెరికా పర్యటనకు రాలేనని, తన చోట స్టీవ్ జోర్డన్ కూర్చుంటాడని ప్రకటన వచ్చింది. జోర్డన్ 1980ల నుంచీ కీత్ సొంత బృందంలో వాయిస్తున్నవాడు. ఆ నెల 24న లండన్ ఆసుపత్రిలో చార్లీ పోయాడు. ఎనభయ్యేళ్ళు. సెప్టెంబరు 26న సెయింట్ లూయిస్‌లో పర్యటన మొదలైంది. జోర్డన్ గొప్ప డ్రమ్మర్, చార్లీకంటే కచ్చితమైనవాడు. ఆ కచ్చితత్వమే కొత్తగా వినిపిస్తుంది. ఇప్పుడు స్టోన్స్ తూలరు.

2023 అక్టోబరులో వచ్చిన 'హాక్నీ డైమండ్స్' ఆల్బమ్‌లో రెండు పాటలకు చార్లీ బతికుండగా వాయించి ఉంచిన డ్రమ్ములున్నాయి. 'మెస్ ఇట్ అప్', 'లివ్ బై ద స్వర్డ్'. రెండోదానికి బేస్ వాయించడానికి ముప్పై ఏళ్ళ కిందట బృందం వదిలేసిన బిల్ వైమన్‌ని పిలిచారు. ఎనభై ఆరేళ్ళ వయసులో ఆయన స్టూడియోకొచ్చి, చార్లీ టేపు పక్కన తన బేస్ వేసి వెళ్ళాడు. పియానో మీద ఎల్టన్ జాన్ ఉన్నాడు. పాట అంత గొప్పదేం కాదు. పియానో, గిటార్లు పక్కనబెట్టి కింద నడిచే ఆ ఇద్దరిని మాత్రమే పట్టుకుని వినండి. వైమన్ ఇంకా వెంట్రుకవాసి ముందే ఉన్నాడు.